ఊరి వకాల్తా

మా ముత్యాలరేవులో కాదనడం ఎవరికీ చేతకాదు. పెళ్ళి పంక్తిలో నాలుగో బూరె వేయబోతే విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెడతారు, వేళ్ళ మధ్య మాత్రం బూరె పట్టేంత సందు ఉంచుతారు. మిట్టమధ్యాహ్నం పుస్తకాలమ్ముకునేవాడు తలుపు కొడితే కూర్చోబెట్టి, మజ్జిగిచ్చి, అక్కర్లేని నిఘంటువొకటి కొని, వాడు వీధి మలుపు తిరిగాక తిట్టుకుంటారు. మొహమాటం మాకు జబ్బు కాదు, మర్యాద. ఊరి మనసు తెలుసుకునే యంత్రం తయారుచేసినప్పుడు ఈ ఒక్క సంగతీ దానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాళ్ళమూ ఇక్కడివాళ్ళమే మరి.

నా పేరు దేవసహాయం. ఆ యంత్రం బాగోగులు చూసుకునే ఇంజనీరుని. రిటైరవడానికి దగ్గర పడ్డవాణ్ణి కాబట్టి కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. మూతబడిన సినిమా హాలు బాల్కనీలో మా ప్రయోగశాల. ప్రొజెక్టరుండే గదిలో కంప్యూటర్లు పెట్టాం. కింద నేల క్లాసులో పురపాలక సంఘం వాళ్ళు నాలుగు బెంచీలు వేసి, పాత తెరను దులిపి, దానికి సభ అని పేరు పెట్టారు. ఆ సభకు మనుషులు రానక్కర్లేదు. వాళ్ళ వకాల్తాలు వస్తాయి.

వకాల్తా అంటే ఏమీ లేదు. ఒక్కసారి హాలుకొచ్చి వేలిముద్ర వేసి, ఫోన్‌లో సరే అని నొక్కాలి. ఆ తరవాత మీరు ఏది చూస్తున్నారు, ఎక్కడ ఆగుతున్నారు, ఏది పక్కకు తోస్తున్నారు, ఏది రాసి చెరిపేస్తున్నారు, దేనికి లైకు కొడుతున్నారు, అన్నీ గమనిస్తూ మీ మనసులాంటిదొకటి మా కంప్యూటర్లలో తయారవుతుంది. ఏదైనా విషయం మీద ఊళ్ళో ఫోన్లు వేడెక్కితే అదే తీర్మానమై సాయంత్రం సభకొస్తుంది. మీ బదులు మీ వకాల్తా వాదిస్తుంది, మీ బదులు ఓటేస్తుంది. అనుకూలమైతే తెరమీద పచ్చచుక్క, వ్యతిరేకమైతే ఎర్రచుక్క. మీరు ఇంట్లో కూర్చుని సీరియల్ చూసుకోవచ్చు.

నవ్వకండి. మొదట్లో అది బాగానే పనిచేసింది. అంతకుముందు వార్డు సభలకు ఎవరొచ్చేవాళ్ళు? కౌన్సిలరుగారి బావమరుదులు, టీ కోసం వచ్చే ముసలాళ్ళు. వకాల్తాలు వచ్చాక చేసిన తొలి తీర్మానం కుళాయి నీళ్ళ గురించి. తెల్లవారుజామున కాకుండా పొద్దెక్కాక నీళ్ళు వదలమన్నాయి. ఊళ్ళో ఏ ఒక్కరూ ఆ సంగతి పైకి అడిగినవాళ్ళు కాదు. ఏళ్ళ తరబడి నిద్రకళ్ళతో బిందెలు మోసిన ఆడవాళ్ళ మనసు దానికెలా తెలిసిందా అని అందరూ ముక్కున వేలేసుకున్నారు. ప్రయోగశాలకు పెద్ద అయిన డాక్టర్ భార్గవి, నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్నది, ఆ రోజు అందరికీ జిలేబీ పంచింది. సభ చేసిన తీర్మానం అమలు చేసి తీరతామని పురపాలక సంఘం కాగితం మీద సంతకం పెట్టింది. మేమూ సంబరపడ్డాం, ఎందుకు దాచాలి.

ఇక మా ఇంటి సంగతి. నా భార్య మేరీ సువర్ణ పురపాలక ప్రసూతి ఆసుపత్రిలో హెడ్ నర్సు. ఈ ఊళ్ళో ఇప్పుడు మీసాలు మెలేస్తున్న కుర్రాళ్ళలో సగంమందిని మొట్టమొదట ఎత్తుకున్న చేతులు ఆవిడవే. బయట ఎవరేమడిగినా ఊఁ అంటుంది. చర్చిలో పాటల పుస్తకాలకు అట్టలు వేయడం, పక్కింటివాళ్ళ పిల్లిని చూసుకోవడం, అన్నీ ఆవిడ నెత్తినే. కాన్పుగదిలో మాత్రం వేరే మనిషి. అక్కడ ఆవిడ నోటికి డాక్టర్లే జడుస్తారు. ఆ గది గడప లోపల తప్ప సువర్ణ ఎవరికీ ఎప్పుడూ కాదని చెప్పింది లేదు.

ఆవిడ అన్న కొడుకు ఏలియా. డిగ్రీ అయ్యాక ఉద్యోగం దొరక్క ఫోన్‌లో చానల్ పెట్టాడు, 'ముత్యాలరేవు ముచ్చట్లు' అని. మంచివాడే. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు విడిచేచోట నిలబడి, వచ్చిన ప్రతివాళ్ళనీ చూశారా, లైకు కొట్టారా అని అడుగుతాడు. మనవాడు ఎదురుగా నిలబడి అడుగుతుంటే ఎవరు కొట్టరు? జేబులోంచి ఫోన్ తీసి అక్కడికక్కడే కొడతారు. సువర్ణ అయితే పొద్దున్నే పాలు పొంగేలోపు, కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా, వాడు పెట్టినవన్నీ వరసగా నొక్కుకుంటూ పోతుంది. చూడకుండా నొక్కడమేమిటని ఒకసారి విసుక్కున్నాను.

"మనవాడు కదండీ. కొట్టకపోతే పిల్లాడు నొచ్చుకుంటాడు" అంది.

వానాకాలంలో ఒకరోజు కష్టమైన కాన్పు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది. ఇంతలో ఆ పిల్ల తాలూకువాళ్ళు, అత్తలూ ఆడపడుచులూ బాబాయిలూ, బురదకాళ్ళతో కాన్పుగదిలోకి తోసుకొచ్చారు. సువర్ణ వాళ్ళందరినీ నోటికొచ్చినట్టు తిట్టి, ముందున్న పెద్దమనిషిని మెడపట్టి బయటికి గెంటి గడియ పెట్టింది. తల్లీబిడ్డా క్షేమం. పురుడు వెళ్ళాక వాళ్ళు మాకు మిఠాయి కూడా పంపారు. గెంటుడు పడినవాళ్ళలో ఒక కుర్రాడు మాత్రం అంతా ఫోన్‌లో తీసి ఏలియాకు పంపాడు. మూతికి గుడ్డ, తలకు టోపీ, ఆవిడ ఎవరో తెలిసే వీల్లేదు. ఏలియా దానికి డప్పు వాయింపు తగిలించి, 'ఇలాంటి నర్సమ్మ మనకొద్దు' అని పేరుపెట్టి వదిలాడు.

ఎప్పటిలాగే ఊరంతా లైకు కొట్టింది. మిఠాయి పంపినవాళ్ళూ కొట్టారు, తీసింది వాళ్ళ పిల్లాడే కదా. ఆదివారం చెప్పుల దగ్గర ఏలియా మావయ్యా అని పిలిస్తే నేనూ కొట్టాను. దాంట్లో ఏముందో చూడలేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తెరమీద తీర్మానం లేచింది. ప్రసూతి ఆసుపత్రి హెడ్ నర్సును ఉద్యోగంలోంచి తీసేయాలని. వీడియోలో మొహం లేకపోయినా ఆసుపత్రి డ్యూటీ పట్టికను బట్టి యంత్రం మనిషిని పోల్చుకుంది. నేను బాల్కనీ కమ్మీ పట్టుకుని చూస్తూ నిలబడిపోయాను. పచ్చచుక్కలు ఒక్కొక్కటే వెలుగుతూ తెర మొత్తం నిండిపోయింది. ఎడంపక్క అడుగున ఒకే ఒక్క ఎర్రచుక్క మిగిలింది. ఏ చుక్క ఎవరిదో మాకు కూడా తెలియదు, ఎవరి ఓటు వాళ్ళు వేలిముద్ర వేసి చూసుకోవాల్సిందే. ఆ ఎర్రచుక్క నాదే అయ్యుంటుందని నమ్మకంగా వేలు పెట్టాను. నాది పచ్చ.

ఇంటికెళ్ళి సువర్ణకు ఎలా చెప్పానో నాకే గుర్తులేదు. నేను తెచ్చిన వేలిముద్రల మిషన్ మీద వేలు పెట్టింది. పచ్చ. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చదివింది. పప్పులో పోపు మాడుతున్నా లేవలేదు.

"నన్ను తీసెయ్యమని నేనే చెప్పానా?" అంది. నేను చెప్పిన ఎర్రచుక్క గుర్తొచ్చి, "అయితే ఆ ఒక్కళ్ళూ ఎవరండీ?" అని అడిగింది.

నాకు తెలియదన్నాను. ఉద్యోగం పోతుందన్న దిగులు కంటే ఆ ప్రశ్నే ఆవిడను ఎక్కువ పట్టుకుంది. వరసగా పేర్లు చెప్పేది. తన చేతిలో పురుడుపోసుకున్న వాళ్ళలో ఎవరై ఉంటారా అని. అంతమందిలో ఒక్కరైనా తనను వద్దనుకోలేదు కదా అని ఆవిడ ఆశ. అది వింటుంటే నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది.

తీర్మానానికి వారం గడువుంటుంది. ఆలోపు ఎవరైనా స్వయంగా హాలుకొచ్చి, వేలిముద్ర వేసి, 'ఇది నా మాట కాదు' అని నోటితో చెబితే వాళ్ళ ఓటు రద్దవుతుంది. ఊళ్ళో పదోవంతు మంది అలా చెబితే వకాల్తాలను పక్కనబెట్టి పాతకాలంలాగా కాగితం ఓటు పెట్టాలి. మర్నాడు పొద్దున్నే నేను చెప్పాను. నా చుక్క తెరమీంచి పోయింది. హాలు గుమ్మంలో బల్ల వేసుకుని, మిగతావాళ్ళ కోసం మిషన్ పెట్టుకుని కూర్చున్నాను.

ఇంటికి మాత్రం జనం తిరునాళ్ళకొచ్చినట్టు వచ్చారు. మా ఇంట్లో ఆ వారం తాగిన కాఫీ ఏడాది మొత్తం తాగి ఉండం. అందరిదీ ఒకే పాట. అన్యాయమండీ, సువర్ణమ్మలాంటి మనిషిని, మాకైతే అస్సలు ఇష్టం లేదు, ఊరంతా అలా అనుకుంటుంటే ఏం చేస్తాం. ఊరంటే ఎవరయ్యా అని నేను గదిమాను. ఒకడు పక్కవాడివైపు చూశాడు, వాడు గోడమీది క్యాలెండరు వైపు చూశాడు. హాలుకొచ్చి ఆ ఒక్కముక్కా చెప్పండి బాబూ అని బతిమాలాను. అయ్యో తప్పకుండా దేవసహాయంగారూ, మీరింతగా చెప్పాలా, రేపే వస్తాం అన్నారు. అందరూ అన్నారు. ఒక్కరూ రాలేదు. నా మొహం చూసి రామని చెప్పలేక వస్తామన్నారు, మొదట వెళ్ళి ఊరికి ఎదురు చెప్పినవాళ్ళం అవుతామేమోనని రావడం మానేశారు. రోడ్డుమీద నేను కనిపిస్తే సందులోకి తప్పుకునేవాళ్ళు. వాళ్ళ ఆడపిల్లలకు నొప్పులొస్తే మాత్రం ఆ మనుషులే మా ఇంటికి ఫోన్ చేసేవాళ్ళు. సువర్ణ గంటలసేపు ఓపిగ్గా అన్నీ చెప్పేది.

ఆదివారం చర్చి అయ్యగారు కూడా ప్రసంగం చివర, మనసులో లేనిదాన్ని వెనక్కి తీసుకోవాలని అన్యాపదేశంగా చెప్పారు. ఆమేన్ గట్టిగానే వినిపించింది. ఆ రోజు ఏలియా చెప్పుల దగ్గర లేడు. వెనక వరసలో తల వంచుకు కూర్చుని, చివరి ప్రార్థన కాకముందే లేచి వెళ్ళిపోయాడు. సిగ్గులేనివాడనుకున్నాను.

నేను భార్గవి మీద విరుచుకుపడ్డాను. పాపం, ఆ పిల్ల అడ్డుపడలేదు. అంతా కూర్చుని వింది. తన పెళ్ళికి కూడా తను అలాగే తలూపానని మెల్లిగా అంది. తరవాత లేచి, "మొహమాటాన్ని లెక్కలోంచి తీసేసి చూద్దామా అంకుల్?" అంది. ఆఫీసులో ఆవిడ నన్ను అంకుల్ అనడం అదే మొదలు.

తీర్మానం నకలు ఒకటి తీసుకుని దానిమీద పనిచేశాం. చూడకుండా కొట్టిన లైకు చెల్లదని నేర్పాం. అడిగిన మరుక్షణం కొట్టింది చెల్లదు. ఇంటిల్లిపాదీ కొట్టారని కొట్టింది చెల్లదు. చుట్టం పెట్టిందైతే సగమే చెల్లుతుంది. ఇలా మాకు తెలిసిన మర్యాదలన్నీ ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయాం. చెబుతుంటే ఇద్దరికీ నవ్వొచ్చింది, కాసేపటికి నవ్వు ఆగిపోయింది. అన్నీ చెప్పాక సభను మళ్ళీ నడిపాం.

పచ్చచుక్కలు ఆరిపోవడం మొదలైంది. అవి ఎర్రగా మారతాయని నేను ఆశపడ్డాను. మారలేదు. ఊరికే ఆరిపోయాయి. వీధులకు వీధులు చీకటిపడ్డట్టు తెరంతా నల్లబడింది. సువర్ణ కావాలనీ లేదు, వద్దనీ లేదు. ఊరికి ఆ విషయంలో చెప్పాల్సిందే లేదు. అనుమానమొచ్చి పాత కుళాయి తీర్మానం పెట్టి చూశాం. అది చెక్కుచెదరలేదు, నీళ్ళు అందరికీ నిజంగానే కావాలి. మళ్ళీ నర్సమ్మ తీర్మానం పెట్టాం. నల్లటి తెర అడుగున ఆ ఒక్క ఎర్రచుక్క అలాగే ఉంది.

"ఒక్క ఓటుతో ఊరి తీర్మానాన్ని కొట్టేశామని ఎవరికి చెప్పను?" అంది భార్గవి. "మిగతా ఊరంతా ఏమీ అనలేదని రాస్తే, ఇన్నాళ్ళూ మనం విన్నది ఏమిటని అడగరా?"

నకలు చెరిపేసింది. నేను పోట్లాడలేదు. ఓపిక అయిపోయింది.

గడువు చివరిరోజు మధ్యాహ్నం మబ్బు పట్టింది. హాలు ముందు కుక్క తప్ప ఎవరూ లేరు. సువర్ణ నాకు క్యారేజీ తెచ్చింది. ఉద్యోగానికి కట్టుకునే తెల్లచీరలోనే వచ్చింది, అలవాటు కాబోలు. బల్లమీద క్యారేజీ పెట్టి, ఎవరైనా వచ్చారా అని అడిగింది. నేను తల అడ్డంగా ఊపుతుండగా గుమ్మంలో ఏలియా కనిపించాడు. గడ్డం పెరిగింది, చొక్కా నలిగింది. వాడి చేతిలో ఫోన్ లేకపోవడం నేను చూడటం అదే మొదలు. అత్తను చూసి వెనక్కి తిరగబోయి ఆగాడు.

"మావయ్యా, నా ఓటు వెనక్కి తీసుకుంటా" అన్నాడు.

చెంప పగలగొట్టాలనిపించింది. మిషన్ విసురుగా ముందుకు తోశాను. వాడు వేలు పెట్టాడు. అక్షరాలు వచ్చాయి. వాడు చదివి, అర్థంకాక నావైపు తిప్పాడు. నేను పైకి చదివాను. 'ఈ తీర్మానాన్ని మీ వకాల్తా వ్యతిరేకించింది. వెనక్కి తీసుకోవడానికి ఏమీ లేదు.'

మళ్ళీ చదివాను. ఊరంతటికీ ఆ ఒక్కడూ వీడే.

వాడు బెంచీమీద కూలబడి అంతా చెప్పాడు. ఆ ఆదివారం అందరిచేతా లైకులు కొట్టించుకుని ఇంటికెళ్ళిన సాయంత్రమే గొంతు గుర్తుపట్టాడు. చిన్నప్పుడు జ్వరమొస్తే మందు మింగమని కసిరిన గొంతే. అప్పట్నించీ దాన్ని మళ్ళీ తెరవలేదు. తీసేద్దామని డిలీట్ బొత్తాం మీద వేలు పెట్టడం, వెనక్కి లాక్కోవడం, మళ్ళీ పెట్టడం. అన్నం తింటూ కూడా అదే పని. యంత్రం ఆ వేలినే చూస్తూ కూర్చుంది, వాడి మనసు సరిగ్గానే రాసుకుంది.

"మరి తీసెయ్యకపోయావా?" అని అరిచాను.

"అంతమంది షేర్ చేశారు మావయ్యా. మనోళ్ళే అందరూ. ఇప్పుడు తీసేస్తే వాళ్ళంతా ఏమనుకుంటారు? ఎట్టా తీసేది?"

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఇంక వాణ్ణి ఏమని తిట్టను. సువర్ణ వాడి దగ్గరికెళ్ళి తలమీద చెయ్యి వేసింది. నువ్వేనట్రా, అని మాత్రం అంది. వారం రోజులుగా వెతుకుతున్న మనిషి దొరికినందుకు ఆవిడ కళ్ళు నిజంగానే వెలిగాయి. వాడు ఆ చేతికింద భోరుమన్నాడు.

నేను మిషన్ ఆవిడ ముందుకు జరిపాను. ఆవిడ ఒక్కతి చెబితే ఉద్యోగం నిలబడదని నాకు తెలుసు. అయినా ఆ కాన్పుగది బయట, బతుకులో ఒక్కసారి, ఆవిడ నోట కాదు అనే మాట వినాలనిపించింది. "నీ ఓటైనా నువ్వు తీసుకో సువర్ణా. ఇది నా మాట కాదని చెప్పు చాలు" అన్నాను.

ఆవిడ వేలు మిషన్ దాకా వచ్చింది. ఏలియా తలెత్తి చూశాడు. ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుని కొంగుతో వాడి మొహం తుడిచింది.

"వద్దులెండి. వాడి వీడియో తప్పని నేనే ఊరికి చెప్పినట్టుంటుంది. పిల్లాడు నొచ్చుకుంటాడు" అంది.

గోడమీద గడియారం మూడు కొట్టింది, గడువు తీరిపోయింది. తెరమీద ఊరంతా పచ్చగా, అడుగున ఒక ఎర్రచుక్కతో అలాగే నిలిచిపోయింది. రేపట్నించి ఆసుపత్రికి కొత్త నర్సమ్మ వస్తుంది. నేను మిషన్ వైరు పీకి చుట్టడం మొదలుపెట్టాను.

సువర్ణ క్యారేజీ మూత తీస్తూ, అన్నం తిన్నావా అని వాణ్ణి అడిగింది. తిన్నానత్తా అన్నాడు ఏలియా. మా యంత్రమైతే తిన్నాడనే రాసుకునేది. ఆవిడ వాడి మొహం వైపు ఒక్కసారి చూసి, నా పళ్ళెం తీసి వాడి ముందు పెట్టి వడ్డించింది. వాడు వద్దు వద్దంటూనే మొత్తం తిన్నాడు.